దూది సీటు

నేను ఒక మోటారు సైకిలు సీటును. మోటారు సైకిలును కాదు, దాని మీద ఉండే సీటును మాత్రమే. ఈ తేడా ముందే చెప్పడం మంచిది. బండి గురించి మాట్లాడేవాళ్ళు ఇంజను గురించి మాట్లాడతారు, మైలేజీ గురించి మాట్లాడతారు, టాంకు మీది రంగు గురించి కూడా మాట్లాడతారు. సీటు ఎలా ఉందని అడిగిన మనిషిని నేను చాలా ఏళ్ళు చూడలేదు. అందరూ నా మీదే కూర్చుంటారు, అందరూ ముందుకే చూస్తారు. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. అలసిపోయాను అంటే మీరు నవ్వుతారు, ఉన్నచోట ఉండేదానికి అలసటేమిటని. కూర్చునేవాళ్ళు ఎప్పుడూ అలాగే అంటారు.

ఏ ఊరి ఫ్యాక్టరీలో పుట్టానో నాకు తెలియదు. అడుగున ఇనుప రేకు, దాని మీద అచ్చులో పోసిన స్పాంజి, పైన నల్ల రెగ్జిను. ఇంతే నేను. రేకు అంచున చిన్న చిన్న పళ్ళుంటాయి. రెగ్జినును గట్టిగా లాగి ఆ పళ్ళకు తగిలించి సుత్తితో వంచితే ఇక కదలదు. ఆ పని చేసిన ఆడమనిషి నాకు ముందు వంద సీట్లకు, నా తరువాత వంద సీట్లకు అదే పని చేసి ఉంటుంది. నేను ఆమెకు గుర్తుండను. చివర్న ఒకసారి బొటనవేలితో నొక్కి చూసి పక్కకు తోసింది. ఆ నొక్కు మాత్రం నాకు గుర్తుంది.

నన్ను మొదట కొన్నది నంద్యాలలో ఒక లెక్కల మాస్టారు, సుదర్శన రావు గారు. ఆయన నా మీది ప్లాస్టిక్ కవరు తీయలేదు. కొత్తది కొత్తగానే ఉండాలని పట్టుదల. రెండు ఎండాకాలాలు ఆ కవరు మీదే కూర్చుని, వెనక చెమట మరకతో బడికి వెళ్ళాడు. పిల్లలు నోటికి పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. పైన ఆయన, కింద నేను, ఇద్దరం ఉడికిపోయాం. సుఖంగా కూర్చోవడానికి సీటున్న బండి కొనుక్కుని, ఆ సీటు సుఖం కోసం తాను కష్టపడిన మనిషి ఆయన. ఎండకు కవరు తనంతట తానే పగిలిపోయిన రోజున ఆయన మొహం చూడాలి, ఇంట్లో ఎవరో పోయినట్టే ఉంది.

ఏడేళ్ళ తరువాత పాలు పోసే ఓబుళేసు చేతికి వచ్చాను. నాకు రెండు పక్కలా నాలుగు క్యాన్లు వేలాడదీసి, వాటి తాళ్ళు నా మీదుగా బిగించేవాడు. తాళ్ళు ఒరిసి ఒరిసి ఎడమ అంచున రెగ్జిను చిరిగింది. పొద్దున్నే మంచు పడి ఉంటే అరచేత్తో నన్ను రెండు దెబ్బలు కొట్టి కూర్చునేవాడు. మనిషి మంచివాడే. దెబ్బలు మాత్రం రోజూ పడేవి. ఆరేళ్ళకు నా ఒంట్లో పాల వాసన తప్ప మరేమీ మిగల్లేదు.

ఆ తరువాత కోవెలకుంట్ల మౌలాలి. ఇప్పటికి తొమ్మిదేళ్ళయింది. అసలు కథ ఇతనిదే, ఇతని భార్య కాశింబీదే. ముందు ఇద్దరూ నన్ను అరగదీసిన పేరాలుగా మాత్రమే మిగిలారు.

మౌలాలి దూదేకుల ఇంట్లో పుట్టాడు. పరుపులు కుట్టడం అతని తాతల పని, అతని పని. దూదేకే విల్లును నా మీద అడ్డంగా కట్టుకుని ఊరూరా తిరిగేవాడు. విల్లు రెండు పక్కలా బారెడు పొడుచుకొచ్చేది. సందుల్లో ఎదురొచ్చినవాళ్ళు గోడకు అతుక్కుని దారి ఇచ్చేవాళ్ళు. దాన్ని అతను మర్యాద అనుకునేవాడు. పెళ్ళివాళ్ళ పరుపు ఎంత మందం ఉండాలో, మంచం పట్టిన ముసలాయనకు ఎంత పల్చగా ఉండాలో అతను మనిషిని చూసి చెప్పేవాడు. కొలబద్ద పట్టుకోగా నేను చూడలేదు.

ఈలోగా స్పాంజి పరుపులు వచ్చాయి. కాశింబీ తమ్ముడు హుసేనయ్య కూడా అదే పని నేర్చినవాడే, బావ దగ్గరే నేర్చుకున్నాడు. అతను గాలి ఎటు వీస్తోందో చూసుకుని బజారులో స్పాంజి పరుపుల అంగడి పెట్టాడు. అంగడి తెరిచిన రోజున నలుగురిలో నవ్వుతూ, "ఇంగ దూది ఎవురు ఏకిచ్చుకుంటారు బావా, ఆ ఇల్లు పొయ్యిలో పెట్టు" అన్నాడు. విల్లును అక్కడివాళ్ళు ఇల్లు అనే అంటారు. మౌలాలి నా మీద ఎక్కి ఇంటికి వచ్చేశాడు. ఆ రోజు అతను ఎంత బరువుగా కూర్చున్నాడో నాకు తెలుసు. తరువాత మూడేళ్ళు బావా బావమరుదులకు మాటల్లేవు. హుసేనయ్య అక్కను చూడాలంటే మౌలాలి ఇంట్లో లేని వేళ చూసుకుని వచ్చేవాడు.

అప్పుడు కాశింబీకి రెండు కిడ్నీలూ పని మానేశాయి. ఆమెకు నలభై ఆరేళ్ళు. మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి నంద్యాల ఆసుపత్రిలో మిషను పెట్టి రక్తం శుభ్రం చేయాలి. పొద్దున ఏడు గంటలకల్లా అక్కడ ఉండాలి. ఆ వేళకు అందే బస్సు లేదు, ఉన్న బస్సు ఎక్కితే ఆమెకు వాంతులు. కాబట్టి నేను.

మనుషుల ముఖాలు నాకు అంతగా తెలియవు గానీ బరువులు బాగా తెలుసు. కాశింబీ పోయేటప్పుడు ఒక బరువు, వచ్చేటప్పుడు ఇంకో బరువు. ఒంట్లో చేరిన నీటిని మిషను తీసేస్తుంది, రెండు కిలోలు, ఒక్కోసారి మూడు. అక్కడ కాటా మీద నిలబెట్టి రాసుకుంటారట. రాయకముందే నాకు తెలిసిపోయేది. వచ్చేటప్పుడు తేలిగ్గా, ఖాళీగా, భర్త నడుము చుట్టూ రెండు చేతులూ వేసి, అతని వీపు మీద తల ఆనించి కూర్చునేది. గోస్పాడు దాటాక రోడ్డు గుంతలు. అప్పటికి నా స్పాంజి పిండి పిండిగా రాలి, వెనక భాగంలో రేకు తగులుతోంది. ప్రతి గుంతకూ ఆమె పళ్ళ మధ్య నుంచి ఒక చిన్న శబ్దం వచ్చేది. మౌలాలికి హెల్మెట్టులో వినిపించేది కాదు. నాకు వినిపించేది, నేను చేయగలిగింది ఏమీ లేదు.

ఎనిమిది నెలలు అలా గడిచాక ఒక శనివారం పొద్దున ఆమె గడపలో కూర్చుని చెప్పేసింది.

"ఇంగ నేను రానయ్యా. నా వల్ల కాదు."

మౌలాలి చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. "యాంటికి రావు? రాకపోతే ఏమైతాదో డాక్టరమ్మ చెప్పలేదా?"

"చెప్పింది. నడుము పోతాంది. ఆ సీటు మీద నేను కూచోలేను."

మీరు నమ్మరు, ఆ మాట విని అతని ప్రాణం లేచొచ్చింది. కిడ్నీలకు తాను ఏమీ చేయలేడు. మిషనుకు ఏమీ చేయలేడు. సీటంటే మాత్రం చేతిలో పని. గ్లాసు కింద పెట్టి నేరుగా నా దగ్గరికి వచ్చి, ఏడేళ్ళలో మొదటిసారిగా నన్ను చూశాడు. "ఇంత అన్యాయంగా ఉండాదా ఇది!" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే స్పానరుతో నన్ను బండి నుంచి విప్పి వాకిట్లో చాప మీద పడుకోబెట్టాడు. స్క్రూడ్రైవరుతో నా పళ్ళు ఒక్కొక్కటే పైకెత్తి, పాత రెగ్జిను ఒలిచాడు. లోపలి స్పాంజిని గుప్పిట్లోకి తీసుకుంటే పసుపు పిండిలా రాలింది. "ఇదిగో చూడు మీ తమ్ముని సరుకు" అని భార్యకు చూపించి పెంటలో విసిరేశాడు. పాపం, ఆ స్పాంజి హుసేనయ్యది కాదు, ఫ్యాక్టరీది. ఇరవై ఏళ్ళు మోసింది కూడా. నా పొట్టలోని దాన్ని అలా విసిరేస్తుంటే నాకు కోపం వచ్చింది. కానీ కోపం వచ్చిన సీటును ఎవరు పట్టించుకుంటారు?

అటక మీది గోనె సంచిలోంచి బూరుగు దూది దించాడు. చాలా కాలం తరువాత విల్లు బయటికి వచ్చింది. టుంగ్ టుంగ్ మని మీటుతుంటే దూది విడివిడిగా లేచి వాకిలంతా ఎగిరింది. అతని కనుబొమ్మల మీద, మీసాల మీద తెల్లగా పేరుకుంది. కాశింబీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గడపలో కూర్చుని చూసింది. "ఎంత ఏకుతావు, అది సీటా, శోభనం పరుపా?" అంటూ నవ్వింది కూడా. ఆమె నవ్వి ఎన్ని రోజులైందో మౌలాలికి తెలుసు. ఇంకా గట్టిగా ఏకాడు.

దూదిని నా రేకు మీద పొరలు పొరలుగా పరిచాడు. వెనక భాగంలో, ఆమె కూర్చునే చోట, రెట్టింపు. కొత్త రెగ్జినును ఎండలో కాసేపు పెట్టి, మెత్తబడ్డాక లాగి పళ్ళకు బిగించాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. పరుపుకు మధ్య మధ్య కుట్లు వేయకపోతే దూది ఒక పక్కకు జరిగిపోతుందని అతనికి ముప్పై ఏళ్ళ అలవాటు. దబ్బనం తెచ్చి, నా రేకుకు గాలి కోసం పెట్టిన చిల్లుల్లోంచి దూర్చి, రెగ్జిను మీదికి తేల్చి, మళ్ళీ కిందికి దింపి, ఎర్ర దారంతో పన్నెండు చోట్ల బిగించాడు. ప్రతి కుట్టు మీద ఒక ఎర్ర నూలు పువ్వు పెట్టాడు. మోటారు సైకిలు సీటుకు అలా కుట్లు వేసే మనిషి ఈ భూమ్మీద పరుపుల మౌలాలి ఒక్కడే ఉంటాడు.

మంగళవారం తెల్లవారుతుండగా బజారులోంచి పోతుంటే టీ కొట్టు దగ్గర ఎవరో కేక వేశారు. "ఏం మౌలాలీ, పరుపు మీద పోతాండావు, దిండు యాడ మరిచినావు?"

మౌలాలి నవ్వుతూ చెయ్యి ఊపాడు. నాకూ సిగ్గనిపించలేదు. ఫ్యాక్టరీలో నన్ను ఎవరి కోసమో చేయలేదు, ఎవరు కొంటే వాళ్ళ కోసం చేశారు. ఒక మనిషిని మనసులో పెట్టుకుని నన్ను చేయడం అదే మొదటిసారి. గోస్పాడు గుంతల్లో అతను వెనక్కి తిరగకుండానే అడిగాడు, "మెత్తగుండాదా?" ఆమె "ఊఁ" అంది. పళ్ళ మధ్య నుంచి ఆ శబ్దం రాలేదు.

నాలుగు ప్రయాణాలు హాయిగా సాగాయి. తరువాత దూది అణగడం మొదలైంది. దూది గుణమే అంత. మంచం మీది పరుపు ఏడాదికి అణిగితే, గుంతల రోడ్డు మీది సీటు రెండు వారాలకే అణుగుతుంది. మౌలాలి ఓడిపోయే రకం కాదు. ఆదివారం ఆదివారం నన్ను విప్పడం, కుట్లు తెంచడం, దూది మళ్ళీ ఏకడం, మళ్ళీ కుట్టడం. వారం వారం పొట్ట కోయించుకుని కుట్టించుకుంటే ఎలా ఉంటుందో నన్నడగండి. అతని వేళ్ళ చివర్లు దబ్బనం పోట్లతో నల్లబడ్డాయి.

ఈ సంగతుల మధ్య నాకొక్కదానికే తెలిసినది ఇంకొకటి ఉంది. మౌలాలి బరువు తగ్గిపోతున్నాడు. ఊళ్ళు తిరగడం మానేశాడు. ఆసుపత్రిలో మిషను నడిచే నాలుగు గంటలూ బయట బెంచీ మీద కూర్చుని, ఒక బన్ను, ఒక టీతో సరిపెట్టుకునేవాడు. ఇంటికి వచ్చి వంట, బట్టలు. ఆసుపత్రి కాటా ఆమెను మాత్రమే తూచేది. అతన్ని తూచేది నేనొక్కదాన్నే అనుకునేదాన్ని. ఆ అనుకోవడం తప్పని తరువాత తెలిసింది.

అక్టోబరులో ఒక శుక్రవారం, తిరుగు దారిలో వాన పట్టుకుంది. ఆగడానికి నల్లరేగడి చేలు తప్ప చూరు లేదు. పన్నెండు కుట్లు, ఒక్కో కుట్టుకు రెండు చిల్లులు. అన్నింట్లోంచి నీళ్ళు లోపలికి దిగాయి. దూది తాగింది, తాగుతూనే ఉంది. కాశింబీకి రోజుకు మూడు గ్లాసుల నీళ్ళు మించకూడదని డాక్టరమ్మ కట్టడి. ఆమె నాలుక తడుపుకోవడానికి మంచు ముక్క చప్పరించేది. అలాంటి మనిషిని మీద పెట్టుకుని నేను కడుపు నిండా తాగాను. నా బతుకులో నాకు అంత సిగ్గైన రోజు లేదు. ఆమె ఒంట్లోంచి మిషను తీసిన నీటి కంటే ఎక్కువ నీరు ఆమె కింద చల్లగా నిలబడింది. ఇల్లు చేరేసరికి ఆమె వణికిపోతోంది.

మూడు రోజులు జ్వరం. మంగళవారం మిషను తప్పిపోయింది. బుధవారానికి ఆమె పాదాలు ఉబ్బి చెప్పులు పట్టలేదు. ఇంకోటి తప్పితే ఊపిరి ఆడదని ఆసుపత్రి నుంచి ఫోనులో గట్టిగా చెప్పారు. నేను బండికి బిగించే ఉన్నాను, వాకిట్లో, ఇంకా నీళ్ళు కారుతూ.

మౌలాలి నన్ను పిండినట్టు రెండు చేతులతో నొక్కుతూ అన్నాడు, "శుక్రవారానికి ఆరతాది. మల్ల ఏకి, ఈసారి లోపల కవరు ఏసి కుడతా."

"నేను రాననేది సీటు వల్ల కాదయ్యా" అంది కాశింబీ గడపలోంచి.

"మరి నడుము నొప్పంటివి గదా?"

"నొప్పి ఉండాది. ఉంటే ఉండనీ, దాని కోసరం రాననను. నీ నడుము పట్టుకోని కూచుంటా గదా నేను? ఉగాదప్పుడు చేతికి కండ తగుల్తాండె. ఇప్పుడు ఎముకలు తగుల్తాండాయి. నేను పోయే దావలో నా కంటే ముందు నువ్వే పోయేటట్టుండావు."

"నాకేమైంది? బాగనే ఉండా."

"హుసేను శుక్రవారాలు నేను తోల్కపోతాక్కా అన్యాడు, ఒకసారి కాదు, నాలుగుసార్లు. నువ్వు వాని పేరెత్తనీవు. నువ్వొక్కనివే మోస్తానంటే నేను రాను. సస్తే సస్తా. అంతే."

ఆమె గొంతు పెంచలేదు. ఆమెకు గొంతు పెంచే ఓపిక కూడా లేదు.

మౌలాలి స్పానరు తీసుకుని నన్ను విప్పాడు. సీటు లేని బండిని ఎక్కడికీ తోలలేడు కదా, నన్ను భుజాన వేసుకుని నడిచే వెళ్ళాడు. నడి బజారులో, పట్టపగలు, ఎర్ర పువ్వుల సీటు మోసుకుంటూ. నాలోంచి నీళ్ళు అతని చొక్కా మీదుగా కారాయి. టీ కొట్టు దగ్గర ఈసారి ఎవరూ కేక వేయలేదు.

హుసేనయ్య అంగడి ముందు ప్లాస్టిక్ కవర్లలో పరుపులు నిలబెట్టి ఉన్నాయి. మౌలాలి వాటి మధ్య నిలబడ్డాడు. హుసేనయ్య కుర్చీలోంచి లేచాడు.

"ఏం బావా?"

"దీంట్లో స్పాంజి పెట్టాల."

ఆ మాట అతని నోట్లోంచి రావడానికి మూడేళ్ళు పట్టింది. హుసేనయ్య నవ్వుతాడేమోనని నాకు భయం వేసింది. నవ్వి ఉంటే మౌలాలి నన్ను అక్కడే పడేసి వెళ్ళిపోయేవాడు, ఆ తరువాత కథ ఉండేది కాదు. హుసేనయ్య నన్ను బల్ల మీద పెట్టి బొటనవేలితో నొక్కాడు. నీళ్ళు చిమ్మాయి. తుడుచుకున్నాడు.

"దూది బాగ ఏకినావు బావా. కుట్లే దెబ్బ కొట్టినాయి" అన్నాడు మెల్లగా.

మౌలాలి పరుపుల వైపు చూస్తూ, "శుక్రవారం నాకు వేరే పనుండాది. మీ యక్కను నువ్వు తోల్కపో" అన్నాడు. శుక్రవారం అతనికి ఏ పనీ లేదు. అది హుసేనయ్యకు తెలుసు. తెలిసినా, "అట్లనే బావా" అని మాత్రం అన్నాడు.

గురువారం మధ్యాహ్నం ఇద్దరూ వాకిట్లో నా ముందు కూర్చున్నారు. మాటలు కలిశాయి గానీ తగాదా ఆగలేదు, పని మీద పడింది. మొత్తం స్పాంజే పెట్టాలని హుసేనయ్య. స్పాంజి ఎండకు కాలుతుంది, పైన ఒక పొర దూది ఉండాల్సిందేనని మౌలాలి. దూది తడుస్తుందని ఒకరు, తడవకుండా కవరు వేస్తే సరి అని ఒకరు. చివరికి అడుగున గట్టి స్పాంజి, దాని మీద అరంగుళం దూది, పైన కవరు, ఆ పైన రెగ్జిను. ఒక్క కుట్టు కూడా వేయలేదు. మౌలాలి దబ్బనం దగ్గరికి చెయ్యి పోనివ్వడం, హుసేనయ్య "బావా" అనడం, చెయ్యి వెనక్కి తీసుకోవడం, రెండుసార్లు జరిగింది. రెగ్జినును ఒకరు లాగి పట్టుకుంటే ఇంకొకరు పళ్ళు వంచారు. అది ఇద్దరి పని అని, ఇన్నాళ్ళూ మౌలాలి ఒక్కడే మోకాలితో అదిమి పట్టుకుని చేశాడని, నాకు అప్పుడు అర్థమైంది.

నన్ను వాకిట్లోని బండ మీద పెట్టి కాశింబీని పిలిచారు. ఆమె గోడ పట్టుకుని వచ్చింది. ఉబ్బిన పాదాలు మట్టిలో మెల్లగా ఆనించి, నా మీద కూర్చుంది. బరువు చాలా ఎక్కువగా ఉంది, ఒక మిషను తప్పిన బరువు. మొగవాళ్ళిద్దరూ చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడ్డారు, పరీక్ష రాసిన పిల్లల్లా.

"యెట్లుండాది?" అన్నాడు మౌలాలి.

ఆమె అతన్ని చూసింది, తమ్ముణ్ణి చూసింది. బాగుందని అనలేదు.

"రేపు శుక్రవారం గదా" అంది.

"ఊఁ."

"రేపటికి వస్తా. ఆ తర్వాతది నన్ను అడగొద్దండి."

మర్నాడు హుసేనయ్య ముందు కూర్చున్నాడు. మౌలాలి వీధి చివరి దాకా బండి వెంట నడిచి వచ్చి, అక్కడ నిలబడిపోయాడు. ఆ రోజు పగలంతా అతను పడుకుని నిద్రపోయాడని తరువాత విన్నాను. ఈ మధ్య నా మీద కూర్చుంటే మళ్ళీ కాస్త బరువు తెలుస్తున్నాడు.

ఇది జరిగి ఏడాది దాటింది. దూది పొర అణిగింది, స్పాంజి నిలిచింది, ఈ విషయం మీద బావా బావమరుదుల వాదన నిలిచే ఉంది. మంగళవారం భర్త, శుక్రవారం తమ్ముడు. కాశింబీ మాత్రం తన మాట మీదే ఉంది. ఒక్కసారి కూడా రెండు ప్రయాణాలకు మాట ఇవ్వలేదు. ప్రతి సోమవారం సాయంత్రం, ప్రతి గురువారం సాయంత్రం, గడపలో కూర్చుని, "రేపటికి వస్తా" అంటుంది. అంతవరకే. ఆ మాట విన్నాక ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

నేనూ పాతబడ్డాను. రేకుకు తుప్పు పట్టింది, నాలుగు పళ్ళు విరిగాయి. నన్ను ఎక్కడో ఒక మూలన పడేసి వదిలేస్తే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తుంది. ఆమెకూ అలాగే అనిపిస్తుందని నాకు తెలుసు. నా మీద కూర్చునే తీరులోనే తెలుస్తుంది.

ఇవాళ గురువారం. పొద్దు వాలింది. కాశింబీ గడపలో కూర్చుని ఎటో చూస్తోంది. ఇంకా ఏమీ అనలేదు. హుసేనయ్య ఏ పనీ లేకుండానే వచ్చి గేటు పట్టుకుని నిలబడ్డాడు. మౌలాలి గుడ్డ తీసుకుని నన్ను తుడుస్తున్నాడు, తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నాడు.